ఎత్తే ముక్క, వదిలే ముక్క: పదమూడు ముక్కల రమ్మీ అభ్యాసంలో భాష, నైపుణ్యం, నిగ్రహం

వ్యాససంగ్రహం:
తెలుగువారి ఇళ్లలో పెళ్లిళ్లకు, పండుగలకు, వేసవి సెలవులకు విడదీయరాని కాలక్షేపంగా నిలిచిన పేకాటల్లో పదమూడు ముక్కల రమ్మీ ప్రధానమైనది. వరసలనూ జట్లనూ కూర్చడమే ఈ ఆట లక్ష్యం. దీని నియమాలను ఒక పూటలో నేర్చుకోవచ్చు. ఆడటం నేర్చుకోవడానికి మాత్రం చాలాకాలం పడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం ఎక్కడ ఉందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ముక్కల పేర్లను, ఆట నిర్మాణాన్ని, ఒక నమూనా పంపకాన్ని, న్యాయస్థానం నైపుణ్యాన్ని నిర్వచించిన తీరును వరసగా పరిశీలించి, రమ్మీలో నేర్వవలసిన అసలు విద్య ముక్కను ఎత్తడంలో కంటె వదలడంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇంటి చాప మీద పెద్దలు నేర్పిన ఈ విద్య ఫోను తెర మీదికి వచ్చేసరికి ఏ భాగాన్ని కోల్పోయిందో కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: పేకాట, రమ్మీ, ఆటభాష, మౌఖిక బోధన, నైపుణ్యం, స్కూటు.

1. ప్రవేశిక:

తెలుగు సమాజంలో పేకాటకు ద్వంద్వమైన స్థానం ఉంది. పెళ్లివారింట విడిదిలో నాలుగు చాపలు పరిచి పేక తెప్పించడం ఒకప్పుడు మర్యాదల్లో భాగం. అదే పేక ఊరి చివర తోటలోనో, క్లబ్బు గదిలోనో కనిపిస్తే అది వ్యసనం. సాహిత్యంలోనూ ఈ రెండు ముఖాలు కనిపిస్తాయి. గురజాడ ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంట సాగే పేకాట ఘట్టం పాత్రల స్వభావాలను ఆట ద్వారా బయటపెడుతుంది. ‘కులగోత్రాలు’ (1962) చిత్రానికి కొసరాజు రాసిన పేకాట పాట ఓడినవాడి గోడును హాస్యంగా వినిపిస్తుంది. అయితే పేకాటను నీతి దృష్టితో మెచ్చుకోవడమో తప్పుపట్టడమో జరిగినంతగా, ఒక ఆటను ఒక తరం మరొక తరానికి ఎలా నేర్పింది అన్న ప్రశ్న చర్చకు రాలేదు. జానపద విజ్ఞాన అధ్యయనంలో పిల్లల ఆటలకు దక్కిన స్థానం పెద్దల ఆటలకు దక్కకపోవడం దీనికి ఒక కారణం కావచ్చు.

ఈ వ్యాసానికి ఆధారం పుస్తక పరిచయం మాత్రమే కాదు. నేను ఈ ఆటను వేసవి సెలవుల్లో మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. డబ్బుకు బదులు చింతగింజలు పెట్టి ఆడించేది. నియమాలు చెప్పడానికి ఆమెకు ఒక మధ్యాహ్నం చాలింది. ఆ తరవాత రెండు వేసవులపాటు ఆమె చెప్పినది మాత్రం దాదాపు ఒక్కటే పాఠం. ఆ పాఠం ఏమిటో వివరించాలంటే ముందుగా ఆట భాషను, ఆట కట్టుబాటును తెలుసుకోవాలి.

2. పేక ముక్కల పేర్లు – ఆటభాష:

అభ్యాసం పేర్లతో మొదలవుతుంది. ఒక పేకలో 52 ముక్కలు, నాలుగు రంగులు, రంగుకు 13 ముక్కలు. ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను అన్నవి తెలుగు ఆటగాళ్లు వాడే రంగుల పేర్లు. ఆసు, రాజు, రాణి, జాకీ అన్నవి బొమ్మ ముక్కలతో చేరిన పెద్ద ముక్కలు.

ఈ పేర్లలో ఆఠీను, కళావరు అనేవి ఇంగ్లీషు నుంచి వచ్చిన రూపాలు కావని వినగానే తెలుస్తుంది. ఇంగ్లీషులోని ‘హార్ట్స్’, ‘క్లబ్స్’ అనే మాటల నుంచి ఇవి సిద్ధించవు. డచ్చి భాషలో ఆ రంగుల పేర్లు ‘హార్టెన్’, ‘క్లావర్’. హకార లోపం, సంయుక్తాక్షరం మధ్య స్వరం చేరడం, చివర ఉకారం రావడం అనే మార్పులు తెలుగులో అన్యదేశ్యాలకు సహజంగా జరిగేవే. మచిలీపట్నం, భీమునిపట్నం, పాలకొల్లు వంటి చోట్ల 17వ శతాబ్ది నుంచి డచ్చివారి వర్తక స్థావరాలు ఉన్న చరిత్ర ఈ పోలికకు బలం చేకూరుస్తుంది. ఇస్పేటు విషయం కొంత భిన్నం. పోర్చుగీసు ‘ఎస్పాద’తో దీనికి పోలిక ఉంది. అయితే స్కూలు ‘ఇస్కూలు’ అయినట్లే, ‘స్పేడ్’ అనే ఇంగ్లీషు రూపానికి ముందు ఇకారం చేరి కూడా ఈ మాట ఏర్పడగలదు. డైమను స్పష్టంగా ఇంగ్లీషు నుంచి వచ్చినది. అంటే నాలుగు రంగుల పేర్లలోనే తీరాంధ్ర వర్తక చరిత్రలోని వేర్వేరు పొరలు పక్కపక్కనే ఉన్నాయి.

పేకాట తెలుగు నుడికారంలోకి కూడా ప్రవేశించింది. నిలకడలేని నిర్మాణం ‘పేకమేడ’. చివరిదాకా దాచిన ఆయుధం ‘తురుపు ముక్క’. ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. తురుపు అనే భావన రమ్మీకి చెందినది కాదు. ఎదుటివారి ముక్కను పెద్ద ముక్కతో గెలిచి పట్టు తీసుకునే ఆటలకు చెందినది. పట్టు ఆటల్లో పెద్ద ముక్క బలం. రమ్మీలో అదే పెద్ద ముక్క బరువు. పట్టు ఆటలు ఆడి వచ్చినవారు రమ్మీ నేర్చుకునేటప్పుడు రాజులనూ ఆసులనూ వదలలేకపోవడానికి ఈ భేదం మనసుకు పట్టకపోవడమే కారణం.

3. ఆట నిర్మాణం:

రమ్మీ కుటుంబానికి చెందిన ఆటలు ప్రపంచమంతటా ఉన్నాయి. 19వ శతాబ్దిలో మెక్సికోలోనూ, దానికి ఆనుకొని ఉన్న అమెరికా ప్రాంతాల్లోనూ ఆడిన ‘కాంక్వియన్’ను ఈ కుటుంబంలో పాత ఆటగా చెబుతారు. మన దేశంలో స్థిరపడిన రూపం పదమూడు ముక్కల రమ్మీ. ఇంటింటికీ చిన్న చిన్న తేడాలు ఉన్నా, దీని ప్రధాన నియమాలు ఇవి:

అ) ఇద్దరి నుంచి ఆరుగురి వరకు ఆడవచ్చు. సాధారణంగా రెండు పేకలు కలుపుతారు. ఒక్కొక్కరికి 13 ముక్కలు పంచుతారు. మిగిలిన కట్టను మూసి మధ్యలో పెట్టి, ఒక ముక్కను తెరిచి పక్కన వేస్తారు.

ఆ) పేక కోసి తీసిన ఒక ముక్కను జోకరుగా నిర్ణయిస్తారు. ఆ అంకె ముక్కలు ఏ రంగులో ఉన్నా జోకర్లే. వీటితోపాటు పేకలో అచ్చువేసిన జోకరు కూడా ఉంటుంది. జోకరు ఏ ముక్క స్థానంలోనైనా నిలబడగలదు.

ఇ) తన వంతు వచ్చినవారు మూసిన కట్ట నుంచి గాని, ముందువారు వేసిన ముక్కల నుంచి గాని ఒకటి ఎత్తి, చేతిలోంచి ఒకటి వేయాలి. అందువల్ల చేతిలో ఎప్పుడూ 13 ముక్కలే మిగులుతాయి.

ఈ) ఒకే రంగులో వరసగా వచ్చే మూడు లేదా అంతకంటె ఎక్కువ ముక్కలు ‘సీక్వెన్సు’. ఒకే అంకె గల, వేర్వేరు రంగుల మూడు లేదా నాలుగు ముక్కలు ‘సెట్టు’ లేదా ‘ట్రిప్లెటు’.

ఉ) పదమూడు ముక్కలూ ఇలా కుదిరినప్పుడు పద్నాలుగో ముక్కను మూసివేసి ‘షో’ చెప్పాలి. అందులో కనీసం రెండు సీక్వెన్సులు ఉండాలి. వాటిలో ఒకటి జోకరు సాయం లేకుండా ఏర్పడినదై ఉండాలి. దీనినే ఆటగాళ్లు ‘లైఫ్’ అంటారు.

ఊ) ఒకరు షో చెప్పినప్పుడు మిగిలినవారి చేతిలో కుదరని ముక్కల విలువ లెక్కిస్తారు. ఆసు, రాజు, రాణి, జాకీలకు పదేసి పాయింట్లు. మిగిలిన వాటికి అంకె ఎంతో అంత. జోకరుకు సున్న. లైఫ్ లేకపోతే కుదిరిన ముక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. గరిష్ఠం 80. దీనిని ‘ఫుల్ కౌంటు’ అంటారు. తప్పు షో చెప్పినవారికీ ఇదే శిక్ష.

కొత్తవారు తప్పు షో చెప్పే సందర్భాల్లో తరచుగా కనిపించేది సెట్టు విషయంలోనే. రెండు పేకలు కలిపి ఆడటం వల్ల ఒకే ముక్క రెండు వస్తుంది. రెండు ఇస్పేటు ఏడులు, ఒక ఆఠీను ఏడు కలిస్తే అది సెట్టు కాదు. రంగులు వేరు కావాలన్న నియమం నోటికి వచ్చినంత తొందరగా కంటికి అలవడదు.

‘లైఫ్’ అన్న పేరు ఈ ఆట తత్వాన్ని చక్కగా చెబుతుంది. చేతిలో నాలుగు జోకర్లున్నా, స్వయంగా ఏర్పడిన ఒక వరస లేనిదే ఆటలో ప్రాణం లేనట్లే. కాబట్టి అభ్యాసకుడు ముక్కలు సర్దుకోగానే అడగవలసిన మొదటి ప్రశ్న “జోకర్లెన్ని?” కాదు, “లైఫ్ ఉందా? లేకపోతే ఎన్ని ముక్కల దూరంలో ఉంది?” అన్నది.

4. లెక్క నేర్పే పాఠం:

ముక్క విలువను దాని మీద ఉన్న అంకెతో గాక, అది ఎన్ని విధాలుగా కలవగలదు అన్న దానితో చూడటం రెండో మెట్టు. మూడు ముక్కల వరసలను లెక్కిస్తే ఈ విషయం తేలుతుంది. ఏడు అనే ముక్క 5-6-7, 6-7-8, 7-8-9 అనే మూడు వరసల్లో చేరగలదు. రాజు జాకీ-రాణి-రాజు, రాణి-రాజు-ఆసు అనే రెండింటిలోనే చేరగలడు. ఆసును రెండు వైపులా అనుమతించే ఆటలో కూడా ఆసుకు, రెండుకు రెండేసి వరసలే. మధ్య ముక్కలకు చుట్టాలెక్కువ, అంచు ముక్కలకు తక్కువ.

ఎదురుచూపును కూడా ఇలాగే లెక్కించవచ్చు. రెండు పేకలతో ఆడేటప్పుడు చేతిలో ఇస్పేటు 6, 7 ఉంటే ఇస్పేటు 5 గాని 8 గాని రావాలి. అలాంటివి మొత్తం నాలుగు ముక్కలు. ఇస్పేటు 5, 7 ఉంటే నడిమి ఆరు మాత్రమే పనికివస్తుంది. అవి రెండే. ఇస్పేటు 7, 8లతో పాటు ఆఠీను 7 కూడా ఉందనుకుంటే ఇస్పేటు 6, 9, డైమను 7, కళావరు 7 అనే నాలుగు రకాలు రెండేసి చొప్పున ఎనిమిది ముక్కలు పనికివస్తాయి. జోకర్లు దీనికి అదనం.

అయితే ఈ లెక్క కట్టలో ఉన్న ముక్కలకు మాత్రమే వర్తిస్తుందని మరవకూడదు. రెండు పేకలు, రెండు అచ్చు జోకర్లు కలిపి 106 ముక్కలు. ఆరుగురు ఆడితే 78 ముక్కలు చేతుల్లోనే ఉంటాయి. జోకరు ముక్క, తెరిచిన ముక్క పోగా మూసిన కట్టలో మిగిలేవి 26. ఎదురుచూసే నాలుగు ముక్కల్లో ఎన్ని ఇతరుల గుప్పిట్లో ఇరుక్కున్నాయో తెలియాలంటే వారు ఏది ఎత్తారు, ఏది వేశారు అన్నది గమనించక తప్పదు. ఇక్కడే లెక్క జ్ఞాపకంగా మారుతుంది.

ఒక పంపకాన్ని ఉదాహరణగా చూద్దాం. ఇస్పేటు మూడు జోకరుగా తేలింది. చేతిలోకి ఈ పదమూడు వచ్చాయి:

ఇస్పేటు – 5, 6, 7
ఆఠీను – 9, 10, రాజు
కళావరు – 3, 4, రాణి, రాజు
డైమను – 2, 4, రాణి

ఇస్పేటు 5-6-7తో లైఫ్ సిద్ధంగా ఉంది. కళావరు మూడు జోకరు కనుక ఆఠీను 9, 10లతో కలిపితే రెండో సీక్వెన్సు కూడా అయింది. మిగిలినవి ఏడు ముక్కలు: ఇద్దరు రాజులు, ఇద్దరు రాణులు, రెండు నాలుగులు, ఒక రెండు. కొత్తవారికి ఇది అద్భుతమైన చేయిగా కనిపిస్తుంది. రాజుల జంటకు మరో రాజు రావచ్చు, రాణుల జంటకు మరో రాణి రావచ్చు, కళావరు రాణి-రాజులకు జాకీయో ఆసో తగలవచ్చు. మూడు ఆశలు ఒకేచోట ఉన్నాయి.

కానీ ఆ నాలుగు బొమ్మల బరువు 40 పాయింట్లు. మిగిలిన రెండు నాలుగులు, రెండు కలిపి 10. ఈ క్షణంలో ఎవరైనా షో చెబితే నష్టం 50. ఆట తొలి వంతుల్లో అందరూ పెద్ద ముక్కలనే వదులుతారు కనుక బొమ్మలను కొన్ని వంతులు ఉంచి చూడటం తప్పుకాదు. రెండు మూడు వంతులు గడిచినా ఒక్క ఆశా ఫలించకపోతే, ఒక రాజు ఇప్పటికే కింద పడిపోయి ఉంటే, ఆ కోట కూల్చక తప్పదు. అప్పుడు కూడా ఏ బొమ్మను ముందు వదలాలి అన్న ప్రశ్న ఉంటుంది. తరవాతి ఆటగాడు ఇంతకుముందు ఆఠీను రాణిని ఎత్తి ఉంటే, ఆఠీను రాజును వేయడం అతని చేతికి అన్నం ముద్ద అందించడమే. ఆ ముక్క మనకు పనికిరాదన్న ఒక్క కారణం చాలదు, ఎదుటివారికీ పనికిరాదన్న నమ్మకం కావాలి.

ఈ ఉదాహరణలో ఎత్తడానికి సంబంధించిన నిర్ణయాలన్నీ దాదాపు తమంతట తామే జరిగిపోతాయి. తగిన ముక్క వస్తే ఎవరైనా ఎత్తుతారు. ఆలోచన అవసరమైన ప్రతి చోటా ప్రశ్న వదలడం గురించే ఉంది: ఏది వదలాలి, ఎప్పుడు వదలాలి, ఎవరి ముందు వదలాలి.

5. ఆటనే వదలడం – స్కూటు:

ముక్కను వదలడం కంటె కష్టమైనది ఆటనే వదలడం. పంచిన ముక్కలు చూసుకొని, ఈ పంపకంలో తాను ఆడనని ముందే ప్రకటించి తక్కువ పాయింట్లతో బయటపడే వెసులుబాటు రమ్మీలో ఉంది. దీనిని తెలుగు ఆటగాళ్లు ‘స్కూటు’ అనీ ‘డ్రాప్’ అనీ అంటారు. 201 పాయింట్లు దాటినవారు ఓడిపోయే పద్ధతిలో మొదటి వంతుకు ముందే స్కూటు చేస్తే 25, మధ్యలో చేస్తే 50, ఫుల్ కౌంటు అయితే 80 వేయడం పరిపాటి. ఈ అంకెలను పోల్చి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. వరసగా మూడుసార్లు మొదట్లోనే స్కూటు చేసినా 75 మాత్రమే. మొండికి ఒక్కసారి ఫుల్ కౌంటు ఇస్తే 80. అంటే మూడు సార్లు వెనక్కి తగ్గినవాడు ఒక్కసారి తగ్గనివాడికంటె మెరుగైన స్థితిలో ఉంటాడు.

మా అమ్మమ్మ రెండు వేసవులు చెప్పిన పాఠం ఇదే. పంచగానే ముక్కలు విసనకర్రలా విప్పుకొని నేను మురిసిపోతుంటే, నా భుజం మీదుగా తొంగిచూసి, “లైఫ్ లేదు, జోకరు లేదు. ఈ ముక్కలతో ఏం చేస్తావే? స్కూటు కొట్టెయ్” అనేది. ఆడాలన్న ఉబలాటంలో నేను వినేదాన్ని కాదు. ఆమె బలవంతపెట్టేది కాదు. ఆట ముగిశాక నా ముందున్న చింతగింజల కుప్పను నాచేతనే లెక్కపెట్టించేది. తరవాత అందరి ముక్కలూ వెల్లకిలా తిప్పించి, “నువ్వు చూసిన రాజులు రెండూ మీ మావయ్య చేతిలో ఉన్నాయి చూశావా” అని చూపేది.

ఈ బోధనలో మూడు అంశాలున్నాయి. మొదటిది, నిర్ణయం జరిగే క్షణంలో పక్కన ఒక పెద్ద మనిషి మాట. రెండోది, నష్టాన్ని చేతితో తాకి లెక్కించే అనుభవం. మూడోది, ఆట ముగిశాక ముక్కలు తిప్పి కారణం వెతికే సమీక్ష. ఇది రాతలో లేని పాఠ్యప్రణాళిక. కులవృత్తుల్లోనూ, సంగీతంలోనూ గురువు పక్కన కూర్చోబెట్టుకొని నేర్పే పద్ధతికి ఇది భిన్నమైనది కాదు.

6. చట్టం గుర్తించిన నైపుణ్యం:

వదలడంలోనే నైపుణ్యం ఉందన్న అభిప్రాయం ఇంటి పెద్దలది మాత్రమే కాదు. 1968 తీర్పుగా న్యాయశాస్త్రంలో ప్రసిద్ధమైన ఒక కేసులో సుప్రీంకోర్టు దాదాపు ఇదే మాట చెప్పింది. ఆ కేసు మన ప్రాంతానిదే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని, 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూద చట్టం కింద పోలీసులు కేసు పెట్టారు. హైకోర్టు శిక్షను రద్దు చేయగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ ప్రభుత్వ అప్పీలు వీగిపోయింది.

తీర్పులోని తర్కం ఈ వ్యాసానికి ముఖ్యం. మూడు ముక్కలాట వంటిది కేవలం అదృష్టం మీద నడుస్తుందనీ, రమ్మీ అలాంటిది కాదనీ న్యాయస్థానం విడదీసి చూపింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలిసి ఉండటం అనే రెండింటిని నైపుణ్యానికి నిదర్శనంగా పేర్కొంది. పంపకంలో అదృష్టం లేకపోలేదనీ, అది బ్రిడ్జి ఆట పంపకంలో ఉన్నంత అదృష్టమేననీ వివరించింది. ఆ మీదట రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా పరిగణించింది.

ఈ తీర్పును ప్రస్తావించేవారు తరచుగా ఇక్కడితో ఆగిపోతారు. తీర్పు మాత్రం ఇక్కడ ఆగలేదు. జూదం మరో రూపంలో సాగుతున్నట్లు గాని, ఆట ద్వారా నిర్వాహకులు లాభం గడిస్తున్నట్లు గాని సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావడానికి అవకాశం ఉందని కూడా అది స్పష్టం చేసింది. ఆట స్వభావం ఒకటి, ఆట చుట్టూ జరిగే వ్యాపారం మరొకటి. ఈ భేదాన్ని విస్మరించి, నైపుణ్యం అన్న మాటను మాత్రమే వాడుకోవడం తరవాతి కాలంలో జరిగింది.

ఆన్‌లైన్ ఆటలు విస్తరించాక శాసనాల దృష్టి కూడా మారింది. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ గేమింగ్ చట్టాలను సవరించి, డబ్బు పందెంగా ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల విషయంలో నైపుణ్యమా, అదృష్టమా అన్న విభజననే పక్కన పెట్టింది. ప్రశ్న “ఈ ఆటకు తెలివి కావాలా?” అన్న దగ్గర నుంచి “ఈ ఆటలో డబ్బు పోతోందా?” అన్న దగ్గరికి జరిగింది.

7. తెర నేర్పని పాఠం:

ఈ మార్పును చట్టం కోణం నుంచే గాక బోధన కోణం నుంచి కూడా చూడవలసి ఉంది. నాకు తమ్ముడి వరస అయ్యే ఒక యువకుడు ఫోనులో రమ్మీ నేర్చుకున్నాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్ని నెలల జీతం అందులో పోగొట్టుకున్న సంగతి ఇంట్లో ఆలస్యంగా తెలిసింది. ఆ తరవాతి సంక్రాంతికి అందరం చింతగింజలు పెట్టుకొని ఆడాం. నియమాలు అతనికి నాకంటె కచ్చితంగా తెలుసు. ముక్కలు సర్దడంలో వేగం, లెక్కలో చురుకుదనం ఉన్నాయి. కానీ ఆ సాయంత్రం మొత్తం మీద ఒక్కసారి కూడా అతను స్కూటు చేయలేదు. ఎందుకని అడిగితే కొంతసేపు ఆలోచించి, “ఫోన్లో వదిలేస్తే ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేదక్కా. ఆడి ఓడిపోతే మాత్రం వెంటనే ఇంకో ఆట వచ్చేసేది కదా” అన్నాడు.

స్కూటు చేయడానికి ఒక మీట ఆ తెర మీద కూడా ఉంటుంది. నియమంగా అది ఉంది. పాఠంగా లేదు. పైన చెప్పిన మూడు అంశాలతో పోల్చితే ఈ లోపం స్పష్టమవుతుంది. నిర్ణయ క్షణంలో పక్కన పెద్ద మనిషి లేదు, తరిగిపోతున్న సమయాన్ని చూపే గడియారం ఉంది. నష్టం చేతికి తగిలే గింజలుగా గాక తెర మూలన మారే అంకెగా ఉంది. ఆట ముగిశాక ముక్కలు తిప్పి చూసుకునే విరామం లేకుండానే తరవాతి పంపకం సిద్ధమవుతుంది. చాప మీద ఆటకు పొద్దు హద్దు. దీపాలు పెట్టే వేళ అయిందంటే పేక కట్టేసేవారు. అన్నానికి పిలిస్తే లేచేవారు. ఆ హద్దును విధించినది నియమావళి కాదు, ఇల్లు.

ఇంటి ఆటను ఆదర్శంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. ఇళ్లలో మొదలైన పేకాటలు క్లబ్బుల దాకా వెళ్లి పొలాలు అమ్మించిన ఉదంతాలు ప్రతి ఊరిలోనూ చెప్పుకుంటారు. వదలడం నేర్పని ఇళ్లూ ఉన్నాయి. అయితే నేర్పిన చోట ఆ పాఠం ఆటలో అంతర్భాగంగా ఉండేది, ఆట బయటి నీతిబోధగా కాదు. స్కూటు కొట్టమన్నప్పుడు మా అమ్మమ్మ పేకాట చెడ్డదని చెప్పలేదు. బాగా ఆడటమంటే ఏమిటో చెప్పింది.

8. ఉపసంహారం:

పై చర్చ నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, రమ్మీ ఆటభాష మన తీరాంధ్ర వర్తక సంబంధాల చరిత్రను మోస్తున్న పదసంపద. ఆట చాపల మీద నుంచి తెర మీదికి మారేటప్పుడు ఆఠీను, కళావరు వంటి మాటల స్థానంలో బొమ్మలు మిగులుతున్నాయి. పెద్దల నోట ఈ మాటలు వినిపిస్తున్న కాలంలోనే, ప్రాంతభేదాలతో సహా వాటిని సేకరించడం భాషా పరిశోధకులు వెంటనే చేపట్టదగిన పని. రెండు, రమ్మీలో నైపుణ్యమని దేనిని అంటున్నామో ఇంటి అనుభవమూ, న్యాయస్థానం తర్కమూ ఒకే చోట చూపుతున్నాయి. అది ఉంచుకోవడానికీ వదలడానికీ మధ్య ఉన్న వివేకం. మూడు, ఈ వివేకం నియమాలతోపాటు తనంతట తాను రాదు. దానిని నేర్పే సందర్భం, మనిషి, విరామం కావాలి.

పదమూడు ముక్కలు చేతికి వచ్చినప్పుడు ఏది కలుస్తుందో చూడటం అందరికీ సహజంగా వస్తుంది. ఏది కలవదో ఒప్పుకోవడం మాత్రం ఒకరు నేర్పితే వచ్చేది. ఇంట్లో పిల్లలకు రమ్మీ నేర్పదలచినవారు లైఫ్, జోకరు, సెట్టు చెప్పిన రోజునే స్కూటు కూడా చెప్పడం మంచిది. పందేనికి చింతగింజలు చాలు.